నా మెయిల్‌లో రాసుకున్న సంగతి ఆడపడుచుకు ఎలా తెలిసింది?

ప్రశ్న: మా ఇంట్లో అందరికీ కలిపి ఒకటే విండోస్ కంప్యూటర్. నేను, మావారు, ఇద్దరు పిల్లలు దాన్నే వాడతాం. నెల రోజులుగా అది బాగా నెమ్మదించింది. ఎవరూ ఏమీ చేయకపోయినా ఫ్యాన్ రొద పెడుతోంది. స్క్రీన్ మీద కుడివైపు కింది మూలన ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి’ అంటూ మాటిమాటికీ ఒక పెట్టె వచ్చి పోతోంది. ఇంతవరకైతే పట్టించుకునేదాన్ని కాదు. ఉద్యోగం మారదామనుకుంటున్నానని ఒక స్నేహితురాలికి మెయిల్ రాశాను. మావారికి కూడా ఇంకా చెప్పలేదు. వారం తిరక్కుండా మా ఆడపడుచు ఫోన్ చేసి ‘కొత్త ఉద్యోగంలో ఎప్పుడు చేరుతున్నావు వదినా?’ అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రెండు నెలల కిందట వాళ్లబ్బాయి వచ్చి, మా పిల్లల కోసం వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ‘ఫ్రీగా’ ఎక్కించి వెళ్లాడు. అప్పుడేమైనా పెట్టాడా? ఇది చాలదన్నట్టు నిన్న ఇంకో మెయిల్: ‘నీ కెమెరాలోంచి నిన్ను రికార్డు చేశాను, డబ్బు పంపు’ అని. అందులో నా పాత పాస్‌వర్డ్ కూడా రాసి ఉంది. వెంటనే కెమెరాకు స్టిక్కర్ అంటించాను. స్పైవేర్ ఉందో లేదో తెలుసుకునేదెలా? ఫార్మాట్ కొట్టేయమంటున్నారు కానీ అందులో పదేళ్ల ఫొటోలున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో నాలుగు సంగతులున్నాయి. నాలుగూ దగ్గరదగ్గరగా జరిగాయి కాబట్టి అన్నింటి వెనకా ఒకే చెయ్యి ఉందనిపించడం సహజం. నాకు మాత్రం నాలుగు వేర్వేరు ముళ్లు కనిపిస్తున్నాయి. విడివిడిగా విప్పుదాం, తేలికవి ముందు.

డబ్బు పంపమన్న మెయిల్‌ని తీసి అవతల పడేయండి. అలాంటివి ఒకే మాటలతో వేలమందికి పంపుతారు. ఎప్పుడో ఏదో వెబ్‌సైటు నుంచి దొంగలు ఎత్తుకుపోయిన మెయిల్ అడ్రసులూ పాస్‌వర్డులూ జాబితాలుగా చేతులు మారుతుంటాయి. మీ పాత పాస్‌వర్డ్ అక్కడి నుంచి వచ్చి ఉంటుంది. చేతిలో నిజంగా వీడియో ఉన్నవాడు అందులోంచి ఒక్క ఫొటో అయినా చూపించి బెదిరిస్తాడు కదా, పాత పాస్‌వర్డ్‌తో సరిపెట్టుకుంటాడా? ట్రాయ్ హంట్ అనే భద్రతా నిపుణుడు 2013లో మొదలుపెట్టిన ‘హావ్ ఐ బీన్ ప్వోన్డ్’ అనే సైటులో మీ మెయిల్ అడ్రసు కొట్టి చూడండి. అది ఏయే సైట్ల నుంచి బయటికి పొక్కిందో చాలావరకు అక్కడే తెలుస్తుంది. జవాబు రాయకండి, డబ్బు పంపకండి. ఆ పాత పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే మాత్రం ఇవాళే మార్చండి. ఈ కంప్యూటర్‌లో కాకుండా ఫోన్‌లో మార్చండి, ఎందుకో కిందకి వెళ్లాక చెబుతాను.

రెండోది, ఆ మూలన వచ్చే పెట్టె. తొంభై పాళ్లు అది వైరస్ కాదు, యాంటీవైరస్ అసలే కాదు. ఇంట్లో ఎవరో ఏదో సైటులో ‘అలో’ అనే బటన్ నొక్కి ఉంటారు. నోటిఫికేషన్లు పంపుకోవడానికి ఆ సైటుకు మీ బ్రౌజర్ ఇచ్చిన అనుమతి అది. సినిమా డౌన్‌లోడ్ సైట్లు ‘నేను రోబోను కాదు అని నిరూపించడానికి అలో నొక్కండి’ అని ఇలాగే నొక్కిస్తాయి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి ఉన్న సైట్ల పేర్లన్నీ వరసగా ఉంటాయి. మీరెరగని పేర్లన్నీ తీసేయండి. ఆ పెట్టెను మాత్రం నొక్కకండి, అది చూపించే ‘క్లీనర్’ని దించుకోకండి. భయపెట్టి నకిలీ మందు అమ్మడం ఈ వ్యాపారంలో పాత పద్ధతే. 2005 ప్రాంతంలో స్పైషెరిఫ్ అని ఒకటి ఉండేది, స్పైవేర్‌ని పట్టిస్తానంటూ వచ్చి, లేని రోగాలు చూపించి డబ్బు అడిగేది. పైగా తీసేద్దామన్నా ఒక పట్టాన పోయేది కాదు.

ఫ్యాన్ రొద, నెమ్మదితనం గురించి ఒక మాట. నిఘా పెట్టేవాడికి కావలసింది మీరు గమనించకపోవడం. మంచి స్పైవేర్ (మంచి అనే మాటకు క్షమించండి) పిల్లిలా ఉంటుంది. మీరు కొట్టిన అక్షరాలను చిన్న ఫైలులో రాసుకోవడానికి, అప్పుడప్పుడు ఒక స్క్రీన్‌షాట్ పంపడానికి పెద్ద శక్తేమీ అక్కర్లేదు. అందుకే కంప్యూటర్ నెమ్మదిస్తే స్పైవేర్ అనుకోవడం, వేగంగా ఉంటే లేదనుకోవడం రెండూ తప్పే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఫ్యాన్ మోగుతున్నప్పుడే దాన్ని తెరిచి, సీపీయూ అనే మాట మీద నొక్కండి. ఎక్కువ తినేది పైకి వస్తుంది. విండోస్ అప్‌డేటో, ఫైళ్లకు సూచిక తయారుచేసుకునే పనో, ముప్పై ట్యాబులు తెరిచిన బ్రౌజరో అయితే అది మామూలు సంగతి. పేరు తెలియనిది ఏదైనా గంటల తరబడి సగానికి పైగా తింటుంటే మాత్రం, మీ కరెంటుతో ఎవరో క్రిప్టో నాణేలు తవ్వుకుంటూ ఉండొచ్చు. దొంగ సాఫ్ట్‌వేర్‌తో పాటు అలాంటివి తరచుగా వస్తాయి. మీ ఆడపడుచు గారబ్బాయి ఎక్కించిన ఎడిటర్ మీద నా అనుమానం ఆ రకమైనది. మీ మీద నిఘా పెట్టాడని కాదు, తనకే తెలియకుండా ఏదో తెచ్చిపెట్టాడేమోనని.

ఇక నాలుగోది. మిమ్మల్ని నిజంగా కలవరపెట్టింది ఇదే, నన్ను ఆపింది కూడా ఇదే. ఒక సంగతి బయటికి పొక్కినప్పుడు కంప్యూటర్ లోపల వెతకడానికి ముందు ఆ సంగతి ఎక్కడెక్కడ ఉందో లెక్కపెట్టాలి. మీ మెయిల్ మీ కంప్యూటర్‌లో లేదు. మీకు మెయిల్ సౌకర్యం ఇచ్చే కంపెనీ సర్వర్‌లో ఉంది. దాన్ని చదవడానికి మీ కంప్యూటర్‌లోకి దూరాల్సిన పని లేదు, మీ అకౌంట్ ఎక్కడ తెరిచి ఉంటే అక్కడ కూర్చుని చదవొచ్చు. ఎప్పుడైనా వాళ్లింటికి వెళ్లినప్పుడు వాళ్ల కంప్యూటర్‌లో టికెట్టో ఫారమో ప్రింట్ తీసుకోవడానికి మెయిల్ తెరిచి, మూయడం మరిచారా? మీ పాత ఫోన్ ఎవరికైనా ఇచ్చారా? పిల్లల ట్యాబ్‌లో యాప్ దించడానికి మీ అకౌంట్ పెట్టి, ఆ ట్యాబ్ సెలవుల్లో ఎవరి చేతుల్లోకైనా వెళ్లిందా?

నా కథే చెబుతాను. కొన్నేళ్ల కిందట నాకు వచ్చిన మెయిళ్లలో కొన్ని నేను తెరవకముందే ‘చదివినవి’గా కనిపించేవి. ఇలాంటి విషయాల్లో నలుగురికీ సలహా చెప్పేవాణ్ని కదా, మూడు రాత్రులు కూర్చుని కంప్యూటర్‌ని పీకి పందిరేశాను. ఏమీ దొరకలేదు. చివరికి అకౌంట్‌లోని పరికరాల జాబితా చూస్తే, మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్ పేరు కనిపించింది. ఒకసారి దానిలో మెయిల్ తెరిచి మూయలేదు నేను. వాడి కూతురు ఏదో నొక్కుతుంటే నా ఉత్తరాలు తెరుచుకుంటున్నాయి, ఆ పిల్లకు అవి ఎవరివో కూడా తెలియదు. మూడు రాత్రుల నిద్ర పోయింది కానీ రెండు నిమిషాల పని మొదట చేయాలని అప్పటి నుంచీ గుర్తుంది.

కాబట్టి ఆ రెండు నిమిషాల పని మీరు ముందు చేయండి. మీది జీమెయిల్ అనుకుంటే, ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి సెక్యూరిటీ అనే చోటికి వెళ్లండి. ‘యువర్ డివైజెస్’ కింద మీ అకౌంట్ ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉందో, చివరిసారి ఎప్పుడు వాడారో ఉంటుంది. తెలియని పేరు కనిపిస్తే తొందరపడి తీసేయకుండా ముందు ఫొటో తీసి పెట్టుకోండి. మీ పాత ఫోనే కొత్త పేరుతో కనిపిస్తుండొచ్చు కూడా. తర్వాత జీమెయిల్‌ని బ్రౌజర్‌లో తెరిచి సెట్టింగ్స్‌లో మూడు చోట్లు చూడండి. ఫార్వార్డింగ్ అనే చోట మీ మెయిళ్లు వేరే అడ్రసుకు కాపీ వెళ్లేలా ఎవరైనా పెట్టారా, ఫిల్టర్స్‌లో మీరు రాయని నియమమేదైనా ఉందా, అకౌంట్స్ అనే చోట మీ మెయిల్ చూసే అధికారం ఇంకొకరికి ఇచ్చి ఉందా. పాస్‌వర్డ్ మార్చినా ఫార్వార్డింగ్ ఆగదు, అందుకే విడిగా చూడాలి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైజెస్’ కూడా ఒకసారి తెరవండి. ఎవరైనా మీ ఫోన్ నిమిషం సేపు చేతిలోకి తీసుకుని తమ కంప్యూటర్‌కు కలుపుకుంటే మీ సంభాషణలన్నీ అక్కడా కనిపిస్తాయి.

మీ ఇంట్లోని ఆ ఒక్క కంప్యూటర్ సంగతి కూడా ఇందులోదే. నలుగురూ ఒకే యూజర్‌తో, ఒకే బ్రౌజర్‌తో వాడుతుంటే మీ మెయిల్ తెరిచే ఉంటుంది. ఆ అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నప్పుడు కంటబడలేదని చెప్పలేం. అయితే అతను వచ్చింది రెండు నెలల కిందట, మీరు మెయిల్ ఎప్పుడు రాశారో లెక్క చూసుకోండి. అతను వెళ్లిపోయాక రాసినదైతే ఆ దారి మూసుకుపోతుంది. ఇంకొకటి, అడగడానికి నాకు మొహమాటంగా ఉన్నా అడగాల్సిందే: ఆ స్నేహితురాలు ఎవరితోనైనా అన్నదేమో కనుక్కున్నారా? కంప్యూటర్‌ని నెల రోజులుగా అనుమానిస్తున్నారు, మనిషిని ఒక్క మాట అడగలేదు. చాలా రహస్యాలు పాత పద్ధతిలోనే, నోటితోనే బయటికి వెళ్తాయి.

ఇవేవీ కాదని తేలితే, లేదా తేలినా అనుమానం తీరకపోతే, అప్పుడు కంప్యూటర్ లోపలికి వెళ్దాం.

దానికి ముందు ఒక జాగ్రత్త. ఈ కంప్యూటర్ మీద అనుమానం ఉన్నంతవరకు దానిలో బ్యాంకు పని చేయకండి, కొత్త పాస్‌వర్డ్ కొట్టకండి. కీలాగర్ అనేది ఉంటే మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకుంటుంది, మీ కొత్త పాస్‌వర్డ్‌ని కూడా. ఈ సమాధానాన్ని చదివే మిగతావారిలో ఎవరికైనా నిఘా పెట్టింది తమను బెదిరించే మనిషేనన్న భయం ఉంటే, వారు స్పైవేర్ తీసే పని వెంటనే మొదలుపెట్టవద్దు. అది ఆగిపోగానే అవతలి మనిషికి తెలుస్తుంది. ముందు వేరే ఫోన్ నుంచి నమ్మకస్తులకు చెప్పి, తమ క్షేమం చూసుకోవాలి. మీ ఉత్తరంలో అలాంటి జాడ నాకు కనిపించలేదు.

మొదట విండోస్ సెక్యూరిటీ తెరవండి. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ని తక్కువగా చూసేవాళ్లు ఇంకా ఉన్నారు కానీ అది పుట్టిందే ఈ పని కోసం. 2004 చివర్లో మైక్రోసాఫ్ట్ జెయింట్ అనే చిన్న కంపెనీని, దాని యాంటీస్పైవేర్‌తో సహా కొనుక్కుంది. దాన్నే తర్వాత విండోస్ డిఫెండర్ అన్నారు. ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’లో ‘మేనేజ్ సెట్టింగ్స్’ నొక్కి కిందికి వెళ్తే ‘ఎక్స్‌క్లూజన్స్’ అని ఉంటుంది. వీటిని తనిఖీ చేయకు అని డిఫెండర్‌కు చెప్పిన ఫోల్డర్ల జాబితా అది. నా లెక్కలో మామూలు ఇంటి కంప్యూటర్‌లో అన్నిటికంటే ముందు చూడాల్సిన చోటు ఇదే, జనం అసలు చూడని చోటు కూడా ఇదే. ‘ఫ్రీగా’ దొరికే ఖరీదైన సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే సూచనల్లో ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అనో, ‘ఈ ఫోల్డర్‌ని మినహాయించండి’ అనో తరచుగా ఉంటుంది. లోపలికి వచ్చిన దొంగ సాఫ్ట్‌వేర్ కూడా తన పేరు తానే అక్కడ రాసుకుంటుంది. మీరెవరూ పెట్టని పేరు అక్కడ ఉందంటే ఎవరో మీ కాపలాదారుకు కళ్లకు గంతలు కట్టారన్నమాట. సి డ్రైవ్ మొత్తాన్నీ మినహాయించి ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఆ జాబితాను ఫొటో తీసుకుని, ఖాళీ చేయండి. అదే పేజీలో రియల్‌టైమ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ రెండూ ఆన్‌లో ఉండాలి. ‘అలోడ్ థ్రెట్స్’ అనే జాబితాలో, పట్టుబడినా ఎవరో ‘అలో’ చేసి వదిలేసినది ఏదైనా ఉందేమో చూడండి.

తర్వాత ‘స్కాన్ ఆప్షన్స్’లో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, ఓ పావుగంట పడుతుంది. మామూలు స్కాన్‌కు కనబడకుండా దాక్కునేవి విండోస్ నడుస్తున్నప్పుడే దాక్కోగలవు, అది నిద్రలో ఉండగా వాటి ఆట సాగదు. రెండో అభిప్రాయం కోసం మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రకం సొంత సైటు నుంచే దించుకుని ఒకసారి నడిపించండి. కాపలాకు మాత్రం రెండు యాంటీవైరస్‌లను ఒకేసారి పెట్టవద్దు, ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ కూర్చుంటాయి.

స్కాన్‌లో ఏమీ రాకపోతే? అక్కడే చాలామంది ఆగిపోతారు. కానీ కొన్ని నిఘా సాఫ్ట్‌వేర్లను యాంటీవైరస్ తప్పుగా చూడదు, ఎందుకంటే అవి బహిరంగంగా అమ్ముడయ్యే సరుకు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి దూరం నుంచి కంప్యూటర్ బాగుచేయడానికి పుట్టినవే. మీకు తెలియకుండా, పాస్‌వర్డ్ పెట్టి, ఎప్పుడైనా వచ్చి పోయేలా అమర్చితే అవే కిటికీలవుతాయి. పిల్లల మీద నిఘాకనీ, ఉద్యోగుల మీద నిఘాకనీ అమ్మేవి కూడా ఉన్నాయి. అమెరికాలో అద్దె వాయిదాల మీద ఇచ్చే కంప్యూటర్లలో ఇలాంటిదే ఒకటి పెట్టి, అవి వాడేవాళ్ల కీస్ట్రోకులు, స్క్రీన్‌షాట్లు, కెమెరా ఫొటోలు తీశారని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012లో ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద, ఏడు అద్దె కంపెనీల మీద చర్య తీసుకుంది. అది సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రేషన్ పేజీలా ఒక నకిలీ పెట్టె చూపించి, పేరూ ఫోన్ నంబరూ కూడా రాయించుకునేది.

అందుకని సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్డ్ యాప్స్’ తెరిచి తేదీల వారీగా వరస పెట్టండి. ఆ అబ్బాయి వచ్చిన రోజున, ఆ తర్వాతి రెండు మూడు రోజుల్లో ఏమేమి ఎక్కాయో చూడండి. మీ దగ్గర తేదీ ఉంది, అది పెద్ద ఆధారం. అదే సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద మీరెరగని యూజర్ ఎవరైనా ఉన్నారా, ‘యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్’ అనే చోట ఏదైనా కలిపి ఉందా అన్నది కూడా చూడండి. ఇంటి కంప్యూటర్‌లో అది సాధారణంగా ఖాళీగా ఉండాలి, ఆఫీసు అకౌంటో బడి అకౌంటో మీరే కలిపి ఉంటే తప్ప.

ఏ నిఘా అయినా కంప్యూటర్ ఆపి ఆన్ చేశాక మళ్లీ తనంతట తాను లేవాలి. లేవకపోతే దానికి బతుకు లేదు. కాబట్టి కంప్యూటర్ ఆన్ కాగానే ఏవేవి లేస్తున్నాయన్నదే అసలు వెతకాల్సిన చోటు. టాస్క్ మేనేజర్‌లో ‘స్టార్టప్ యాప్స్’ కొంతవరకే చూపిస్తుంది. పూర్తి చిట్టా కావాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ దించుకోండి. దాన్ని తయారుచేసిన మార్క్ రస్సినోవిచ్ 2005లో ఒక విచిత్రం బయటపెట్టాడు. సోనీ బీఎంజీ అమ్మిన పాటల సీడీని కంప్యూటర్‌లో పెడితే, కాపీలను అడ్డుకునే వంకతో ఒక రూట్‌కిట్ దిగేది. అది తన ఫైళ్లను విండోస్‌కే కనబడకుండా దాచేది. అతను దాన్ని పట్టింది తన సొంత కంప్యూటర్‌లోనే.

ఆటోరన్స్ మొదటిసారి తెరిస్తే గుండె గుభేలుమంటుంది, వందల వరసలుంటాయి. కంగారు పడకండి. ఆప్షన్స్‌లో ‘హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్’ టిక్ పెట్టండి, జాబితా చాలా చిక్కిపోతుంది. స్కాన్ ఆప్షన్స్‌లో డిజిటల్ సంతకాలు సరిచూడమని, వైరస్‌టోటల్ అనే సైటుతో పోల్చమని చెప్పే టిక్కులుంటాయి, అవీ పెట్టండి. ఇప్పుడు ప్రతి వరసా చదువుతూ మూడు ప్రశ్నలు వేయండి: ఎవరు చేశారు, సంతకం సరైనదేనా, ఫైలు ఎక్కడ ఉంది. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ ‘ప్రోగ్రామ్ ఫైల్స్’లో ఉంటే సహజం. తయారుచేసిన వారి పేరు లేకుండా, ‘యాప్‌డేటా’లోనో ‘టెంప్’లోనో, గజిబిజి అక్షరాల పేరుతో ఉంటే దాని మీద కన్ను వేయాలి. విండోస్ సొంత పేర్లను పోలిన పేర్లు పెట్టుకోవడం ఇంకో ఎత్తు. ‘ఎస్‌వీసీహోస్ట్’ అనేది ఒకేసారి డజన్ల కొద్దీ నడుస్తుంది, అది మామూలే. కానీ అసలైనది విండోస్ ఫోల్డర్ లోపలి సిస్టమ్32లో, ఒక్కోసారి సిస్‌వావ్64లో (SysWOW64) ఉంటుంది. అదే పేరుతో మరో ఫోల్డర్‌లో ఉన్నా, ఒక అక్షరం అటూ ఇటూ అయినా అది మారువేషమే.

వైరస్‌టోటల్ ఒక్కో ఫైలునూ 70 దాకా యాంటీవైరస్‌ల ఎదుట నిలబెడుతుంది. వాటిలో ఒకటో రెండో ఎర్రజెండా చూపితే తప్పుడు అనుమానం కావొచ్చు, ఇరవై చూపితే వాదించడానికేమీ లేదు. ప్రోగ్రాములనే సరిచూడండి, మీ సొంత పత్రాలను అక్కడికి ఎక్కించకండి, ఎక్కించినవి ఇతర సంస్థలకు కూడా అందుతాయి. అనుమానం వచ్చిన వరసను వెంటనే డిలీట్ చేయకుండా టిక్ తీసి, రీస్టార్ట్ చేసి చూడండి. పొరపాటైతే మళ్లీ టిక్ పెట్టుకోవచ్చు. టిక్ తీసిన కాసేపటికి దానంతట అదే మళ్లీ వచ్చిందంటే, లోపల ఇంకొకడు కాపలా ఉన్నాడన్నమాట. సంతకం ఉన్నదల్లా మంచిదని కూడా అనుకోలేం. 2017లో కొన్ని హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో సౌండ్ డ్రైవర్‌తో వచ్చిన ప్రోగ్రామే వాడేవాళ్లు కొట్టిన కీలన్నిటినీ ఒక ఫైలులో రాసి పెడుతోందని బయటపడింది. నిఘా కోసం కాదు, పరీక్షల కోసం రాసింది తీసేయడం మరిచారు. ఫలితం మాత్రం కీలాగరే.

బ్రౌజర్‌ని మరిచిపోవద్దు. మీ రోజంతా గడిచేది అందులోనే కాబట్టి అక్కడ కూర్చున్నవాడికి కంప్యూటర్ అంతా అక్కర్లేదు. ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాముల) జాబితా తెరిచి, మీరు వాడనివన్నీ తీసేయండి. ‘అన్ని సైట్లలోని సమాచారం చదవడం, మార్చడం’ అనే అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్ మీ మెయిల్ కూడా చదవగలదు. క్రోమ్ మెనూ అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని ఉందా? ఇంటి కంప్యూటర్‌కు ఆర్గనైజేషన్ ఎక్కడిది? ఒక్కోసారి యాంటీవైరస్ వల్ల కూడా అలా వస్తుంది, కానీ తీసేద్దామన్నా పోని ఎక్స్‌టెన్షన్ దానికి తోడుంటే అది చొరబాటే. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ దగ్గర మీరు పెట్టని అడ్రసు ఉండకూడదు. ఉంటే మీ రాకపోకలన్నీ ఎవరి వాకిట్లోంచో వెళ్తున్నట్టు. లెనోవో ల్యాప్‌టాప్‌లలో ముందే ఎక్కించి అమ్మిన సూపర్‌ఫిష్ అనే సాఫ్ట్‌వేర్ 2015లో ఇలాంటి పనికే దొరికిపోయింది. తాళం బొమ్మ ఉన్న భద్రమైన పేజీల మధ్యలో కూడా దూరి ప్రకటనలు పెట్టడానికి అది తన సొంత సర్టిఫికెట్‌ను విండోస్‌లో నాటింది.

నెట్ కనెక్షన్లను గమనించి పట్టుకోమని కొందరు చెబుతారు. రిసోర్స్ మానిటర్‌లో ఏ ప్రోగ్రాము ఎక్కడికి మాట్లాడుతోందో కనిపిస్తుంది, నిజమే. కానీ అలవాటు లేని కంటికి అంతా అనుమానంగానే కనిపిస్తుంది, మీకు నేను సిఫారసు చేయను. దానికి బదులు ఒకసారి కంప్యూటర్ వెనక్కి వంగి చూడండి. కీబోర్డు తీగ చివరకూ కంప్యూటర్‌కూ మధ్య బొటనవేలంత ముక్క ఏదైనా ఉందా? హార్డ్‌వేర్ కీలాగర్ అలాగే ఉంటుంది, దాన్ని ఏ స్కానూ పట్టలేదు, చెయ్యి పెట్టి పీకితే చాలు.

ఇన్ని చూశాక మీకు మూడింట్లో ఒక జవాబు దొరుకుతుంది. స్పష్టంగా ఏదో పట్టుబడుతుంది, లేదా ఏమీ దొరక్క మనసు కుదుటపడుతుంది, లేదా ఏమీ దొరకదు కానీ మనసు కుదుటపడదు. మొదటిదానికీ మూడోదానికీ నా సలహా ఒక్కటే, విండోస్‌ని చెరిపి కొత్తగా ఎక్కించుకోండి. ‘లేదు’ అని నూటికి నూరు పాళ్లు చెప్పగల స్కాన్ ఏదీ లేదు. నెలల తరబడి అనుమానంతో టైపు చేయడం కంటే ఒక ఆదివారం పోగొట్టుకోవడం నయం. ‘ఫార్మాట్ కొట్టేయండి’ అన్నవాళ్లు అందుకే తప్పు చెప్పలేదు, ముందు ఫొటోలు తీయమని చెప్పడం మరిచారు, అంతే.

ఫొటోలూ, వీడియోలూ, డాక్యుమెంట్లూ బయటి డ్రైవ్‌కు కాపీ చేసుకోండి. వేరే కంప్యూటర్‌లో కొన్ని తెరిచి చూసి, నిజంగా వచ్చాయని తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి. ఫొటోల్లో స్పైవేర్ బతికి మీ వెంట వస్తుందన్న భయం ఆచరణలో అక్కర్లేదు. ప్రోగ్రాములను, ఇన్‌స్టాలర్లను మాత్రం ఒక్కటి కూడా వెంట తీసుకెళ్లకండి, ఆ ఎడిటర్‌ని ముఖ్యంగా. సెట్టింగ్స్‌లో ‘రీసెట్ దిస్ పీసీ’ ఉంటుంది, అందులో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’, ఆ పైన ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ ఎంచుకోండి. ఇంకా గట్టిగా కావాలంటే, శుభ్రమైన వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని దానితో ఎక్కించుకోవచ్చు. మీది ఇంకా విండోస్ 10 అయితే దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఎటూ కొత్తగా ఎక్కిస్తున్నప్పుడు, మీ యంత్రం మోయగలిగితే విండోస్ 11 ఎక్కించుకోండి.

ఆ తర్వాతే పాస్‌వర్డులు. మెయిల్‌ది మొదట, బ్యాంకుది తర్వాత, మిగతావి తీరిగ్గా. మార్చేటప్పుడు ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ తప్పకుండా నొక్కండి. ఇప్పటి దొంగ సాఫ్ట్‌వేర్లు పాస్‌వర్డుతో సరిపెట్టుకోవు, మీరు లాగిన్ అయి ఉన్నారని సైటుకు గుర్తుచేసే కుకీలను ఎత్తుకుపోతాయి. అవి చేతిలో ఉంటే పాస్‌వర్డు అడగకుండానే తలుపు తెరుచుకుంటుంది. సైన్ అవుట్ చేస్తే ఆ కుకీలు చెల్లవు. రెండంచెల ధ్రువీకరణ కూడా పెట్టుకోండి.

కొత్త విండోస్‌లో నలుగురికీ నాలుగు యూజర్లు పెట్టండి. అడ్మినిస్ట్రేటర్ ఒక్కరే, మిగతా అందరూ స్టాండర్డ్. పిల్లలు గొణుగుతారు, గొణగనివ్వండి. ఏదైనా ఎక్కించాలంటే మీ పాస్‌వర్డు అడుగుతుంది, అడగనివ్వండి. వీడియో ఎడిటింగ్ కోసం డావించి రిజాల్వ్, షాట్‌కట్ లాంటివి చట్టబద్ధంగానే ఉచితంగా దొరుకుతాయి. ఆ అబ్బాయినే పిలిచి వాటిని మీ కళ్లముందు ఎక్కించమనండి. అతని మీద నేరం మోపే ముందు అకౌంట్‌లోని పరికరాల జాబితా ఏమంటుందో చూశారా లేదా అన్నది నాకు ముఖ్యం. అందులో మీ ఆడపడుచు గారింటి కంప్యూటరే కనిపిస్తే, సైన్ అవుట్ చేసి ఊరుకుంటారో, ఫోన్ చేసి అడుగుతారో మీ ఇష్టం. ఆ సలహా ఇచ్చే ధైర్యం నాకు లేదు.

స్టిక్కర్ తీయకండి. కెమెరాకు అది బాగా పనిచేస్తుంది. మైకుకు మాత్రం స్టిక్కర్ పనికిరాదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద మైక్రోఫోన్ అనే చోట ఏ యాప్ దాన్ని చివరిసారి ఎప్పుడు వాడిందో తేదీతో సహా రాసి ఉంటుంది. ఇవాళ మీరు చేసే మొదటి పనుల్లో దాన్ని కూడా చేర్చుకోండి.